'తవ్వించెను'లో దాగినవాళ్లు: ఒక ప్రకరణాన్ని మనం చదవాల్సిన తీరు

'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిందెవరు? సురవరం ప్రతాపరెడ్డి. మొదట అచ్చయింది ఎప్పుడు? 1949లో. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఏ పుస్తకానికి వచ్చింది? దీనికే, 1955లో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలకు ఈ మూడు జవాబులూ నోటికి వచ్చు. ఆ పుస్తకంలో ఒక్క ప్రకరణమైనా మొదలు నుంచి చివరిదాకా చదివినవాళ్లు చేతులెత్తండి అంటే మాత్రం ఒక్క చెయ్యి కూడా లేవదు. ఒకప్పుడు మా చేతులూ లేవలేదు.

ఇది పిల్లల తప్పని మేము అనడం లేదు. మా ఇళ్లల్లో పుస్తకం లేదు. బడిలో పుస్తకం వచ్చింది గానీ దాన్ని ఎట్లా చదవాలో చెప్పినవాళ్లు లేరు. డిగ్రీలో ఉన్నప్పుడు ఒక అధ్యాపకుడు ఈ పుస్తకం మా చేతిలో చూసి, "ఇవన్నీ మీకెందుకయ్యా, బిట్లు చదువుకోండి" అన్నాడు. ఆ మాటలో మా మీద జాలి ఉంది. మా చదువుకు ఒక హద్దు గీయడమూ ఉంది. పుస్తకం పేరు, సంవత్సరం, బహుమతి మనకు. పుస్తకంలోపలి వాదన, దాన్ని ప్రశ్నించే హక్కు ఇంకొకరికి. అంటే అక్షరాల్లోనూ ఊరు, వాడ వేరన్నమాట.

ఇంకో రకం వాళ్లూ మనలో ఉన్నారు. "అది రెడ్డిగారి పుస్తకం, అందులో మనమేముంటాం" అని చదవకుండానే పక్కన పెట్టేవాళ్లు. వీళ్ల కోపం అర్థమైనదే. కానీ బిట్టు చదివినవాడు, కోపంతో పక్కన పెట్టినవాడు ఇద్దరూ పుస్తకాన్ని మూసే ఉంచుతున్నారు. మూసిన పుస్తకం దాన్ని తెరవగలిగినవాళ్లకే పనికొస్తుంది.

అందుకని ఈ వ్యాసంలో పుస్తకం మొత్తాన్ని పొగడం, తెగడం. అందులో ఒక్క ప్రకరణాన్ని, కాకతీయుల యుగం మీద ఉన్నదాన్ని తీసుకుని, దళిత పాఠకుడు దాన్ని ఎట్లా చదవచ్చో మెట్టు మెట్టుగా చెప్పుకుందాం. ('ప్రకరణం' అన్నది అధ్యాయానికి సురవరం వాడిన మాటే.) ఈ పద్ధతి ఇంకే పుస్తకంలోని ఏ అధ్యాయానికైనా పనికొస్తుందని మా నమ్మకం.

ఈ పుస్తకాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే ఇది మన నేల మీది మనిషి రాసింది. సురవరం 1896లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు అలంపురం ప్రాంతంలోని ఇటికాలపాడు. గోలకొండ పత్రిక నడిపారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. 1953లో చనిపోయారు. కాబట్టి ఆయన "మా ప్రాంతంలో" అని రాసినప్పుడల్లా ఆ ప్రాంతంలో మన వాడ కూడా ఉంది. అది ఆయన పేజీల్లో ఎక్కడుంది అన్నదే మన ప్రశ్న.

1. శీర్షికను ప్రశ్నించడం

రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చరిత్ర కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఎవరిని మొక్కారు అన్నది చరిత్ర అన్న పట్టుదలతో ఈ పుస్తకం పుట్టింది. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఈ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే.

కానీ విషయసూచిక చూడండి. కాకతీయుల యుగం, రెడ్డిరాజుల యుగం, విజయనగర కాలం. జనం చరిత్రకు పెట్టిన పెట్టెలన్నీ రాజులవే. చివరి ప్రకరణాలకు వచ్చేసరికి రాజుల పేర్లు పోయి సంవత్సరాలొస్తాయి: 1600 నుంచి 1757, 1757 నుంచి 1857. 1757 అంటే బెంగాల్లో ప్లాసీ యుద్ధం. 1857 అంటే ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు. 1757లో గద్వాల సంస్థానంలోని ఒక మాదిగవాడలో ఏం మారింది? తెల్లారి లేచి వెట్టికి పోవడం మారిందా?

ఇది తప్పు పట్టడం కోసం అడుగుతున్నది కాదు. చరిత్రను ఎక్కడ విరిచి ముక్కలు చేస్తామన్నది ఎవరి జీవితాన్ని కొలబద్దగా పెట్టుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. మన వాడను కొలబద్దగా పెట్టుకుంటే ప్రకరణాలు వేరేగా విరుగుతాయి. వెట్టి ఆగిన ఏడు. మొదటి పిల్లవాడు బడి గడప లోపల కూచున్న ఏడు. మొదటి గుంపు మేస్త్రీ వెంట డ్యాము పనికి పోయిన ఏడు. మొదటి పట్టా చేతికొచ్చిన ఏడు, ఆ పట్టా భూమి తాకట్టుకు పోయిన ఏడు. ప్రతి విద్యార్థీ తన వాడకు ఇట్లాంటి కాలపట్టిక ఒకటి రాసుకుని, దాన్ని పుస్తకం విషయసూచిక పక్కన పెట్టి చూడాలి. చదవడం అక్కడ మొదలవుతుంది.

2. ప్రకరణాన్ని చివర నుంచి చదవడం

సురవరం చేసిన మంచి పని ఒకటుంది. ప్రతి ప్రకరణం చివర దానికి ముఖ్యాధారాలేమిటో పేర్లు పెట్టి చెప్పారు. చాలామంది ఈ పేజీ తిప్పేస్తారు. మేము మాత్రం మొదట చదవాల్సింది ఇదేనంటాం. ఎవరి సాక్ష్యం మీద ఈ మాటలు నిలబడ్డాయో అక్కడే తెలుస్తుంది.

కాకతీయ ప్రకరణానికి ఆధారాల్లో పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర ఉన్నాయి. పల్నాటి వీరచరిత్ర, క్రీడాభిరామం ఉన్నాయి. వీటిని రెండు ప్రశ్నలతో చూద్దాం.

మొదటిది, కాలం. కాకతీయ రాజ్యం 1323లో కూలింది. క్రీడాభిరామం ఆ తర్వాతి తరాల నాటి రచన. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉంది, శ్రీనాథుడిదన్నవాళ్లూ ఉన్నారు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దం నాటిదైతే, దాన్ని పద్యంగా కట్టిన శ్రీనాథుడు 15వ శతాబ్దంవాడు. అంటే కొన్ని సాక్ష్యాలు సంఘటనకు వంద, రెండు వందల ఏళ్ల తర్వాత పలికినవి. అవి అబద్ధమని కాదు. బ్రహ్మనాయుడి చాపకూడు గురించీ, మాల కన్నమదాసు గురించీ మాట్లాడుకునేటప్పుడు మనం సంతోషంతో తొందరపడి "12వ శతాబ్దంలోనే కులం పోయింది" అని ఉపన్యాసాలివ్వడం మానాలి. తర్వాతి కాలం తన గతాన్ని ఎట్లా తలచుకుందో ఆ కావ్యం చెప్తుంది. అది కూడా విలువైన సమాచారమే, కానీ వేరే సమాచారం.

రెండోది, చోటు. పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక భాగం ఉంది. శివరాత్రికి శ్రీశైలం పోయే జనం, వాళ్ల పాటలు, ఆటలు, బొమ్మలాటలు అందులో వరసగా కనిపిస్తాయి. శ్రీశైలానికి పడమటి వాకిలి అలంపురం, ఉత్తర వాకిలి అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. అంటే సోమనాథుడు చెప్పిన గుంపులు నడిచిన దారుల్లో రెండు మన జిల్లాల మీదుగా పోయినవే. ఆ గుంపులో ఆడినవాళ్లు, పాడినవాళ్లు ఏ కులాలవాళ్లు? కొండ ఎక్కాక గుడి లోపలికి ఎవరు పోయారు, ఎవరు బయట నిలబడ్డారు? కావ్యం జాబితా ఇచ్చింది. ప్రశ్న మనం తెచ్చుకోవాలి.

3. 'ఇంచు' కింద గీత గీయడం

వనపర్తిలో ఒక సెలవురోజు మేము పదిమందిమి కూచుని ఈ ప్రకరణం గట్టిగా చదువుతుంటే, ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఆపింది. "సార్, రాజు చెరువు తవ్వించినాడు అంటారు గదా. తవ్వింది ఎవరు?" అంది. అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

తెలుగు వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటారు. తవ్వు, తవ్వించు. కట్టు, కట్టించు. కోయు, కోయించు. 'తవ్వించెను' అన్న మాటలో ఇద్దరు మనుషులున్నారు. చెప్పినవాడు ఒకడు, చేసినవాడు ఒకడు. వాక్యంలో పేరు చెప్పినవాడికి దక్కింది. చేసినవాడు క్రియలోపలే దాగిపోయాడు. శాసనాల్లోనూ, కావ్యాల్లోనూ, నేటి ప్రారంభోత్సవ శిలాఫలకాల్లోనూ ఇదే వాక్యం. కాబట్టి ఏ ప్రకరణం చదివినా 'ఇంచు' వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీయమని మేము చెప్తున్నాం. గీతలన్నీ లెక్కపెడితే ఆ పేజీలో దాగిన మనుషుల లెక్క వస్తుంది.

కాకతీయుల కాలానికి చెరువులే పెద్ద కీర్తి. పాకాల, రామప్ప, లక్నవరం నేటికీ నీళ్లిస్తున్నాయి. వనపర్తి సంస్థానానికి 'సప్త సముద్రాలు' అని పేరున్న చెరువులున్నాయి. శ్రీరంగాపురంలో రంగసముద్రం కట్టమీద నిలబడి చూస్తే రంగనాయకస్వామి గోపురం కనిపిస్తుంది. కట్టమీది మట్టిని ఏ తట్ట మోసిందో కనిపించదు. చెరువును ఏడాది పొడుగునా చూసుకున్నవాడు నీరడి. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసేది అతనే. చాలా ఊళ్లలో నీరడితనం మాల కుటుంబాలదే. నీళ్లు పంచే చెయ్యి అతనిది, అదే చేత్తో ఊరి బావిలో చేద వేసే హక్కు మాత్రం లేదు. కాకతీయ ప్రకరణంలో చెరువుల గురించి చదివేటప్పుడు ఈ మనిషి ఎక్కడైనా ఉన్నాడేమో వెతకాలి. ఉంటే ఏ వాక్యంలో ఉన్నాడో రాసుకోవాలి. లేకపోతే ఆ ఖాళీనీ రాసుకోవాలి.

ఇది పాత సంగతి కాదు. 20వ శతాబ్దంలో దేశంలో ఆనకట్టలు, కాలువలు ఎక్కడ తవ్వినా 'పాలమూరు లేబర్' అన్న మాట వినబడింది. మన తాతలు, తండ్రులు ఇతరుల పొలాలకు నీళ్లు తెచ్చే కాలువలు తవ్వి, ఎండిన ఊళ్లకు తిరిగొచ్చారు. 'తవ్వించెను' అన్న వాక్యం మన ఇంటి చరిత్ర. అందుకే ఆ అమ్మాయి ప్రశ్న వ్యాకరణ ప్రశ్న మాత్రమే కాదు.

4. బవనీల చక్రవర్తి ఎవరు?

ఈ ప్రకరణంలో మనం ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఒకటుంది. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ ఏకవీర గుడి దగ్గరికి వస్తారు. అమ్మవారి ఎదుట ఒక గాయకుడు వాద్యం వాయిస్తూ పరశురాముని కథ పాడుతుంటాడు. కవి అతన్ని బవనీల చక్రవర్తి అన్నాడు. సురవరం ఈ పద్యాన్ని పట్టుకుని, ఆ బవనీలను నేటికీ జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవాళ్లతో కలిపి చూపించారు. ఏకవీర అంటే రేణుక, రేణుక అంటే మన ఎల్లమ్మ. గ్రంథంలోని మాటకు అర్థం నిఘంటువులో కాక ఊళ్లో వెతకడం సురవరం గొప్పతనం. ఈ పని పండితులు చెయ్యలేదు, ఆయన చేశారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

ఒకటి, ప్రకరణం చివర ముఖ్యాధారాల్లో క్రీడాభిరామం పేరు ఉంటుంది. ఆ పద్యానికి అర్థం తెలియజేసిన బైండ్లాయన పేరు ఉండదు. కవి ఆధారమయ్యాడు. కవి ఎవరి పాట విని రాశాడో ఆ వంశంవాడు ఆధారం కాలేదు, ఉదాహరణగా మిగిలాడు. చదువుకున్నవాడి మాట ఆధారం, చదువు లేనివాడి మాట 'ఆచారం'. ఇది సురవరం ఒక్కరి లోపం కాదు. ఇప్పటికీ విశ్వవిద్యాలయాల్లో మనం రాస్తున్న పరిశోధనల్లో అట్లానే జరుగుతోంది. మా సిద్ధాంత వ్యాసాల్లో మా అవ్వ చెప్పిన సంగతికి ఇంకొకరి అచ్చు పుస్తకం నుంచి ఆధారం చూపించమని అడిగినవాళ్లున్నారు. మేమూ చూపించాం, ఆ తర్వాత సిగ్గుపడ్డాం.

రెండు, కథ పేరు. కావ్యం దాన్ని పరశురాముని కథ అంది. మన ఊళ్లలో దాన్ని ఎల్లమ్మ కథ అంటారు. తండ్రి మాట మీద తల్లి తల నరికిన కొడుకు పేరు కావ్యంలోకి ఎక్కింది. నరికించుకున్న తల్లి పేరు ఊరి నోట నిలిచింది. ఊళ్లో చెప్పే కథలో ఇంకో మనిషి కూడా ఉంది. ప్రాణభయంతో రేణుక మాదిగవాడలోకి ఉరికి ఒక మాదిగామెను కావలించుకుంటుంది. గొడ్డలి వేటుకు రెండు తలలూ తెగుతాయి. మళ్లీ ప్రాణం పోసేటప్పుడు తలలు తారుమారవుతాయి. చెప్పేవాళ్లను బట్టి కథ కొంత మారుతుంది గానీ, ఏ తప్పూ చెయ్యకుండా తల పోగొట్టుకున్న ఆ మాదిగామె మాత్రం అందులో ఉంటుంది. ఆమెకు పేరు పెట్టి కథ చెప్పిందెవరు? ఆమె వైపు నుంచి ఈ ప్రకరణాన్ని చదివిందెవరు? ఎల్లమ్మ పేరు మీదే మన ఆడపిల్లలను జోగినిలుగా విడిచిన ప్రాంతం ఇది. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. దేవత మాదిగ తల పెట్టుకుంది, మాదిగ పిల్ల మాత్రం దేవత పేరుతో ఊరిదైంది. మతం, ఆచారాలు అన్న ఉపశీర్షిక కింద ఏ పుస్తకంలో ఏది చదివినా ఈ ప్రశ్న వదలొద్దు.

సజీవ ఆధారాలను మనం ఎట్లా చూస్తున్నామో కూడా గమనించాలి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. బహుమతి వచ్చిన ఏడు ఆయన పేరు కూడా పరీక్షల్లో బిట్టు అయ్యింది. ఆయన పాడిన కథను ఒక ప్రకరణంగా కూచుని చదివినవాళ్లం, అంటే పూర్తిగా విని, రాసుకుని, చర్చించినవాళ్లం, ఎంతమందిమి?

5. పక్కన ఇంకో అధ్యాయం పెట్టడం

ఒక అధ్యాయాన్ని ఒంటరిగా చదివితే దాని పద్ధతే లోకంలో ఉన్న ఒకే పద్ధతి అనిపిస్తుంది. అందుకని పక్కన ఇంకోటి పెట్టాలి. సురవరం పుస్తకానికి ఒక ఏడాది ముందు, 1948లో, బాబాసాహెబ్ అంబేడ్కర్ 'ది అన్‌టచబుల్స్' వచ్చింది. దాని మూడో అధ్యాయం తీసుకోండి. శీర్షికే ఒక ప్రశ్న: అంటరానివారు ఊరి బయట ఎందుకు ఉంటున్నారు?

తేడా చూడండి. ఒక అధ్యాయానికి రాజవంశం పేరు, ఇంకోదానికి మన వాడ ఉన్న చోటే పేరు. రోజూ చూస్తూ ఎవరూ అడగని విషయాన్ని అంబేడ్కర్ అధ్యాయంగా చేశారు. ముందు ఊళ్లో ఉండి బయటకు నెట్టబడ్డారా, మొదటి నుంచీ బయటే ఉన్నారా అని రెండు దారులు పెట్టి, రెండోదాన్ని వాదించారు. స్థిరపడిన తెగలకు కాపలా కావాలి, యుద్ధాల్లో చెదిరిన మనుషులకు తిండి, నీడ కావాలి, ఆ ఒప్పందంలో చెదిరినవాళ్లు ఊరి పొలిమేరలో నిలిచారన్నది ఆయన ప్రతిపాదన. మన ఊళ్లలో తలారితనం, సేత్‌సింధీ కొలువు ఎవరి మీద పడ్డాయో తెలిసినవాళ్లకు ఈ వాదన పుస్తకంలోది అనిపించదు.

అయితే ఇక్కడా మనం నమస్కారం పెట్టి ఆగిపోకూడదు. నేరుగా సాక్ష్యం దొరకనిచోట ఊహ సాయం తీసుకున్నానని అంబేడ్కరే ముందుమాటలో ఒప్పుకున్నారు, చరిత్రకారుడికి ఆ హక్కు ఎందుకుందో వాదించారు. ఆయన మనకు నేర్పింది జవాబు మాత్రమే కాదు, జవాబు ఎంతవరకు నిలబడుతుందో చదివేవాళ్లకు దాచకుండా చెప్పడం కూడా. బాబాసాహెబ్ అధ్యాయాన్ని ప్రశ్నించకుండా చదవడం ఆయన పద్ధతికే విరుద్ధం.

కొన్ని అభ్యంతరాలు

"ఆనాటి పుస్తకాన్ని ఈనాటి కళ్లతో చూడడం న్యాయమా?" అంటారు. 1948లోనే ఒకరు ఆ ప్రశ్నలు అడిగారని ఇప్పుడే చూశాం. కాబట్టి అవి ఈనాటి కళ్లు మాత్రమే కావు. అప్పుడూ ఉన్న కళ్లే, అప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోని కళ్లు.

"ఇది సురవరాన్ని తక్కువ చెయ్యడం కాదా?" అంటారు. కాదు. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడం ఒక గౌరవం. ఆయన పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివి దానితో తగాదా పడడం అంతకంటే పెద్ద గౌరవం. ఆయన కవుల పుస్తకాల్లోకి వీధిని తెచ్చారు. ఆ వీధి చివర వాడ ఉందని మనం గుర్తు చేస్తున్నాం.

మూడో అభ్యంతరం మనవాళ్ల నుంచే వస్తుంది. "మా ముసలోళ్లు చెప్పిందే నిజం, పుస్తకాలు అబద్ధం" అంటారు. ఇదీ సరికాదు. జ్ఞాపకం కూడా ఒక ఆధారమే, దాన్నీ పరీక్షించాలి. మాలవాడలో చెప్పే కథ, మాదిగవాడలో చెప్పే కథ, డక్కలి చెప్పే కథ ఒకటి కావు. మగవాళ్లు చెప్పేది, ఆడవాళ్లు చెప్పేది ఒకటి కాదు. ఇతరుల పుస్తకాలను అడిగిన ప్రశ్న మన ఇంట్లోనూ అడగగలిగితేనే మన చదువుకు నిజాయితీ ఉంటుంది.

చేయగలిగిన పని

హాస్టల్లో ఐదుగురు కలిస్తే చాలు. నెలకు ఒక అధ్యాయం. చదివే ముందు శీర్షిక ఎవరిదో అడగండి. చివరి పేజీలో ఆధారాలు చూసి కాలం, చోటు రాసుకోండి. 'ఇంచు'ల కింద గీతలు గీయండి. "నేటికీ", "మా ప్రాంతంలో" అని రచయిత అన్నచోట ఆగి, సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఆ సంగతి ఇద్దరు పెద్దవాళ్లను అడగండి. వాళ్ల పేరు, ఊరు, తేదీ, ముఖ్యాధారం అని పైన రాసి, నోటుబుక్కులో ఎక్కించండి. ఇంకో అధ్యాయం పక్కన పెట్టి పోల్చండి. ఉపాధ్యాయులు తోడుంటే మంచిది, లేకపోయినా ఆగే పని కాదు.

మేము చదివిన ఆ పదిమందిలో ఎవరూ ఇంకా పెద్ద ఉద్యోగాల్లోకి రాలేదు. కానీ ఆ అమ్మాయి తర్వాత నెల ఒక కాగితం తెచ్చింది. తమ ఊరి చెరువుకు వరుసగా నీరడి పని చేసిన నాలుగు తరాల పేర్లు, వాళ్ల నాయనమ్మ చెప్పగా రాసుకొచ్చింది. పై మూడు పేర్లు ఇంతకు ముందు ఏ కాగితం మీదా లేవు. ఏ చరిత్ర పుస్తకంలోనైనా ఆ కాగితం ముఖ్యాధారాల పట్టికలోకి ఎక్కే రోజు కోసం మనం చదవాలి, రాయాలి. ఈ పద్ధతిలో లోపాలుంటే పాఠకులు రాయండి, చర్చిద్దాం.